పొలాలు పోయి ఇళ్లు మిగిలిన ఊరు: ఓపెన్‌కాస్ట్ అంచున ఒక కేస్ స్టడీ

గోదావరి లోయ బొగ్గు బెల్టులో, ఓపెన్‌కాస్ట్ (నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే) గనిని ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో మూడేళ్లకు పైగా సాగిన పని ఇది. ఊరి పేరు, మండలం, గని పేరు, ఏ సంవత్సరాలన్నది కావాలనే రాయలేదు. గడపల లెక్కలు కూడా ఊరిని గుర్తుపట్టకుండా గుండ్రం చేసినవే. ఊరు మొత్తాన్ని లేపి వేరే చోట కట్టించే కేసులకు చట్టంలో సెక్షన్లున్నాయి, ఆఫీసుల్లో ఫైళ్లున్నాయి, ఎంతో కొంత అనుభవమూ ఉంది. పొలాలు తీసుకుని ఇళ్లను వదిలేసిన ఊరికి అవేవీ సరిగ్గా అతకవు. బెల్టులోని సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు, జీవనోపాధుల మీద పనిచేసేవాళ్లకు అక్కరకొస్తుందని వివరంగా రాస్తున్నాం.

నేపథ్యం

ఇల్లందు దగ్గర బొగ్గుందని 1871లో విలియం కింగ్ గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా ఇక్కడ గని అంటే భూగర్భ గనే, జనం మాటలో బొగ్గుబాయి. బాయికి మనుషులు కావాలి. బొగ్గు కొట్టేవాళ్లు, నింపేవాళ్లు, టబ్బులు తోసేవాళ్లు కావాలి. కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని అలా నిండిన పట్నాలు. చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషులు బాయి పనికి పోయినా పైన పొలం చాలాచోట్ల మిగిలే ఉండేది. జీతమూ పంటా ఒకే ఇంట్లోకి వచ్చేవి.

సింగరేణిలో ఓపెన్‌కాస్ట్ 1975లో మొదలైంది. 1990-91లో కంపెనీలో లక్షకు పైగా కార్మికులుంటే ఏడాది ఉత్పత్తి 1.8 కోట్ల టన్నులకు కాస్త తక్కువ. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు, సొంత ఉద్యోగులు 40 వేల చిల్లర. బొగ్గు దాదాపు నాలుగింతలైంది, జీతగాళ్లు సగం కూడా మిగల్లేదు. బొగ్గు మీది మట్టి, అంటే ఓబీ తీసే పని చాలావరకు కాంట్రాక్టు టిప్పర్లది. పాత గనికి ముందు కావలసింది మనుషులు, ఓపెన్‌కాస్ట్‌కి ముందు కావలసింది భూమి. గని వస్తే ఉద్యోగాలొస్తాయన్న నమ్మకం తాతల కాలపు అనుభవం మీద నిలబడి ఉంది. ఈ ఊరి మొదటి గ్రామసభలో అందరి నోటా ఆ మాటే వచ్చింది.

ఊళ్లో నాలుగు వందల పైచిలుకు గడపలు. ఒక చెరువు, రెండు కుంటలు. చెరువు కింద వరి, పైన చెలకల్లో పత్తి. భూమి ఉన్న కుటుంబాలు సగానికి తక్కువ. మిగతావాళ్లు కౌలుదార్లు, కూలీలు, గీత కార్మికులు, గొర్లకాపర్లు, రజకులు. గనికి పోయింది సాగుభూమిలో మూడింట రెండు వంతులు, దాంతోపాటు చెరువుకి వరద వచ్చే ఎత్తు ప్రదేశం. బ్లాస్టింగ్‌కి డేంజర్ జోన్ 500 మీటర్లు. గని సరిహద్దు గీత ఇళ్లన్నీ దానికి బయటే ఉండేలా సాగింది. దాంతో ఫైలులో ‘భూమి కోల్పోయినవారు’ ఉన్నారు, ‘నిర్వాసితులు’ లేరు. పునరావాస కాలనీ ఊసే రాలేదు.

సమస్య ఎలా వచ్చింది

పంచాయతీ పాలకవర్గం మా దగ్గరికి రెండు కాగితాలు పట్టుకొచ్చింది. ఒకటి ఓటర్ల జాబితా, అందులో పేర్లు పెరిగాయి. రెండోది ప్రాథమిక పాఠశాల హాజరు, నాలుగేళ్లలో సగానికి పైగా పడిపోయింది, బడి మూసేస్తారన్న భయం మొదలైంది. ‘మీ ఊరి జనాభా పెరిగింది, నష్టం ఎక్కడుంది?’ అని ఆఫీసులో అడుగుతున్నారని వాళ్ల బాధ.

ఇక్కడ తీసుకున్న మొదటి నిర్ణయం, పరిహారం గొడవలోకి దిగకముందే జనాన్ని లెక్కపెట్టడం. ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో, ఎవరు వచ్చారో తేలకుండా ఏ పథకం రాసినా ఉత్త కాగితమే అవుతుంది. ఓటర్ల జాబితా, రేషన్ కార్డు, ఆధార్ చిరునామా చెప్పేవి పేరు ఎక్కడుందన్న సంగతే. రేషన్ ఇప్పుడు ఏ దుకాణంలోనైనా తీసుకోవచ్చు కాబట్టి మనిషి కదిలినా కార్డు కదలదు. అందుకని మనిషి ఉంటే తప్ప పుట్టని రికార్డుల వైపు తిరిగాం: అంగన్‌వాడీలో గుడ్లు తీసుకునే పిల్లల రిజిస్టరు, ఆశా కార్యకర్త రాసుకునే గర్భిణుల లెక్క, పాల కేంద్రం పుస్తకం, ఇళ్ల కరెంటు మీటర్ల నెలవారీ రీడింగు. కనీస చార్జీ తప్ప బిల్లు రాని మీటరు తాళం వేసిన ఇంటిదే.

దాని తర్వాత ఇంటింటి లెక్క. పగలు కాదు, రాత్రి ఎనిమిది తర్వాత. పగలు వెళ్తే కూలికి పోయినవాళ్లు, డ్యూటీకి పోయినవాళ్లు, పట్నంలో ఉండి పనిబడి వచ్చినవాళ్లు కలగాపులగమవుతారు. ప్రతి మనిషినీ నాలుగు గళ్లలో ఒకదాంట్లో వేశాం. ఊళ్లో ఉన్నారు, పేరుంది. ఉన్నారు, పేరు లేదు. లేరు, పేరుంది. లేరు, పేరూ లేదు.

చిక్కంతా రెండో, మూడో గళ్లలో తేలింది. మూడో గడిలో నిండా ముప్పై నుంచి నలభై ఐదేళ్ల మధ్య జంటలు, వాళ్ల బడి పిల్లలు. భూమి డబ్బులొచ్చాక దగ్గరి పట్నంలో అద్దెకు దిగి పిల్లల్ని ఇంగ్లిష్ మీడియం బడుల్లో వేశారు. పేర్లు మాత్రం తీయించుకోలేదు, రేపు ప్యాకేజీ ఏదైనా వస్తే పోతుందన్న భయం. పెళ్లై వేరే ఊరు పోయిన ఆడపిల్లల పేర్లు కూడా అందుకే ఉండిపోయాయి. రెండో గడిలో ఓబీ కాంట్రాక్టరు టిప్పర్ల డ్రైవర్లు, హెల్పర్లు. ఎక్కువమంది బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి ఒంటరిగా వచ్చినవాళ్లు. రోడ్డు పక్క పాతిక ఇళ్లలో ఒక్కో గదికి నలుగురైదుగురు. ఒక షిఫ్టువాళ్లు లేచిన పక్కలో ఇంకో షిఫ్టువాళ్లు పడుకుంటారు.

ఓటర్ల జాబితాలో పెరిగిన పేర్లు, బడిలో తగ్గిన పిల్లలు, రెండూ నిజమే అయ్యాయి. ఊళ్లో రాత్రి నిద్రపోయే జనం పెద్దగా తగ్గలేదు, వాళ్ల పొందిక మారిపోయింది. అరవై దాటినవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, వచ్చిపోయే మగవాళ్లు మిగిలారు. బడికి పిల్లల్ని పంపే వయసు జంటలు పోయారు. ఈ నాలుగు గళ్ల పట్టిక కలెక్టరేట్‌లో చూపించాక జనాభా పెరిగిందన్న వాదన మళ్లీ రాలేదు.

ఊళ్లో డబ్బు ఎలా మారింది

పెద్ద కిరాణా దుకాణం ఖాతా పుస్తకాలు రెండు, గని రాకముందుదీ వచ్చిన తర్వాతదీ, పక్కపక్కన పెట్టి చూస్తే ఊరి ఆర్థిక స్థితి అర్థమైంది. పాత పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. జూన్ నుంచి సరుకులు, ఎరువు బస్తా బాపతు చేబదుళ్లు వరసగా ఎక్కుతూ పోతాయి. నవంబరు చివర్లో పత్తి అమ్మగానే పేజీ మీద అడ్డగీత, ‘ముట్టింది’ అని రాత. కొత్త పుస్తకంలో పేజీలు సగమే వాడారు, అప్పు వారం దాటదు. పంట లేని ఇంటికి ఏ భరోసా మీద ఆర్నెల్లు అప్పివ్వాలన్నది దుకాణదారు ప్రశ్న. ఆయన తప్పేం లేదు. పట్నం హోల్‌సేల్ దుకాణం కూడా ఈయనకు పంట మీదే అరువిచ్చేది.

పరిహారం లెక్కల్లో ఎక్కడా ఎక్కని నష్టం ఇది. భూమి లేని కూలి ఇల్లు కూడా పక్కవాళ్ల పంట భరోసాతో ఆరు నెలలు వడ్డీ లేకుండా తినగలిగేది. ఆ అరువు ఆగిపోయాక నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకోవడం మొదలైంది. ఆ వడ్డీకి ఇచ్చేవాళ్లలో కొందరు భూమి డబ్బులందుకున్న ఊరివాళ్లే.

గనికి భూమి పోయినవాళ్లది ఇంకో దారి. డబ్బు ముందు అప్పులు తీరడానికి, తర్వాత ఇంటికి, పెళ్లికి పోయింది. మళ్లీ భూమి కొనాలనుకున్నవాళ్లందరికీ పరిహారం ఒకేసారి పడింది, వాళ్లందరూ ఒకేసారి పక్క మండలాల్లో వెతికారు, అక్కడ ధర ఎగిరింది. ఐదెకరాలు పోయిన ఇంటికి రెండెకరాలు దొరకడమే గగనమైంది. లాభపడింది రోడ్డు పక్క ఇళ్లవాళ్లు. గది అద్దెలు, టీ కొట్లు, మెస్సులు, పంక్చర్ షాపులు వచ్చాయి. ఆ డబ్బు ఊరి లోపలి వాడలకు చేరలేదు. మెస్సులో వంటకు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లకు పని దొరికితే, నాట్లు, కలుపు, పత్తి ఏరడం పోయి పని కోల్పోయిన ఆడకూలీలు నూట యాభై మందికి పైగా ఉన్నారు.

చేసి చూసినవి, కుదరనివి

మొదట అందరూ అడిగింది ఉద్యోగాలే కాబట్టి పంచాయతీ ఆ దారే పట్టింది. వినతిపత్రాలు, ధర్నా, చివరికి ఓబీ కాంట్రాక్టరు ముప్పై మంది కుర్రాళ్లను తీసుకుంటానని ఒప్పుకోవడం. ఏడాదిన్నరలో ఆరుగురు మిగిలారు. టిప్పరు నడపడానికి హెవీ లైసెన్సు కావాలి, అది ఉన్నవాళ్లు నలుగురే. మిగతావాళ్లకు దక్కింది హెల్పరు, వాచ్‌మన్ పనులు. పైగా ఓబీ పని కాలపరిమితి కాంట్రాక్టు. అది ముగిసి కొత్త కాంట్రాక్టరు రాగానే పాత మాట చెల్లలేదు. మాట కాంట్రాక్టరు దగ్గర తీసుకున్నారు, టెండరు షరతుల్లో పెట్టించలేదు. కుర్రాళ్లకు ముందే లైసెన్సు, ట్రైనింగు ఇప్పించి ఉంటే ఇంకో పది మందైనా నిలబడేవారు. ఆడవాళ్లకు మాత్రం ఈ దారిలో ఏమీ లేదని మొదటి రోజే తెలుసు. తెలిసీ ఒప్పుకున్నాం, ఊరి ఊపు అటే ఉంది.

రెండోది బర్రెలు. పొదుపు సంఘాల బ్యాంకు లింకేజీ రుణంతో అరవై ఇళ్లకు ఒక్కో ముర్రా బర్రె. కాగితం మీద లెక్క బాగుంది, పాల కేంద్రం ఊళ్లోనే ఉంది, డ్రైవర్ల వల్ల టీ కొట్లలో పాలకు గిరాకీ పెరిగింది. ఏడాది తిరిగేసరికి నలభైకి పైగా బర్రెలు అమ్ముడుపోయాయి. పాలిచ్చే బర్రెకి రోజుకు పాతిక ముప్పై కిలోల పచ్చిగడ్డి, ఐదారు కిలోల ఎండుగడ్డి, అరవై డెబ్బై లీటర్ల నీళ్లు కావాలి. పొలాలున్నప్పుడు వరిగడ్డి నాట్లేసిన ఇళ్లకు ఊరకే వచ్చేది, గట్ల మీద పచ్చిగడ్డి కోసుకొచ్చేవాళ్లు, మేత చెలకల్లో దొరికేది. చెలకలు గనిలో పోయాయి, మేత భూమి మీద ఓబీ గుట్ట లేచింది, వరి లేక గడ్డి లేదు. పక్క మండలం నుంచి ట్రాక్టరు గడ్డి కొని మేపితే పాల డబ్బు గడ్డికే చాలలేదు. మొదటి ఈత పాలు తగ్గగానే ఎండిపోయిన బర్రెను మేపలేక అమ్మేశారు, అప్పు మిగిలింది. ఈ తప్పు మాదే. పాడి ఎప్పుడూ వరి మీద ఆధారపడి నడిచిందన్న సంగతి రుణం మంజూరుకు ముందే లెక్కలోకి తీసుకోవాల్సింది.

కుట్టు మిషన్ల శిక్షణ గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. కుట్టించుకునే ఇళ్లే పట్నానికి పోయాయి.

మేస్త్రమ్మ పుస్తకం

2013 భూసేకరణ చట్టంలోని సెక్షన్ 3(సి) ప్రకారం ప్రభావిత కుటుంబం అంటే భూమి యజమాని ఒక్కడే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, ఆ భూమి పోవడం వల్ల ప్రధాన బతుకుతెరువు దెబ్బతినే కౌలుదార్లు, పాలివాళ్లు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవాళ్లు కూడా అందులోకి వస్తారు. సెక్షన్ 3(ఎం) ప్రకారం వితంతువులు, విడాకులు పొందినవాళ్లు, కుటుంబం వదిలేసిన స్త్రీలు వేరే కుటుంబం. పెళ్లయినా కాకపోయినా మేజరు ఆడపిల్ల, మేజరు కొడుకు ఎవరికి వారు వేరే కుటుంబం. ఈ ఊరి సర్వేలో మేజరు కొడుకుల పేర్లున్నాయి, మేజరు ఆడపిల్లల పేర్లు దాదాపు లేవు. కూలీల జాబితా ‘ఆధారాలు లేవు’ అన్న ఒక్క ముక్కతో ఆగిపోయింది.

ఆధారాలున్నాయి. ఊళ్లో నాలుగు నాట్ల ముఠాలుండేవి, ఒక్కోదాంట్లో పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు, ఒక మేస్త్రమ్మ. గుత్తకు ఒప్పుకుని నాటేసి, డబ్బు పంచుకోవాలి కాబట్టి హాజరు రాయక తప్పదు. ఒక మేస్త్రమ్మ దగ్గర నాలుగేళ్ల పుస్తకాలు దొరికాయి. పొడవాటి రెండు వందల పేజీల నోటు పుస్తకం, అట్ట పోయి సంచి గుడ్డతో కుట్టింది, అంచులకు పసుపు మరకలు. ఆమెకు చదువు రాదు, కూతురు రాసింది. పైన ఆసామి పేరు, ఎన్నెకరాలు, ఏ తేదీ. కింద పేర్లు, పేరు పక్కన నాలుగు నిలువు గీతలు, ఐదో గీత అడ్డంగా. ఒక పేరు పక్కన సగం గీత ఉంది, మధ్యాహ్నం బిడ్డకు జ్వరమొచ్చి ఇంటికి పోయిందట.

ప్రైవేటు పుస్తకాన్ని ఆర్డీవో ఆఫీసు ఒప్పుకోదని ముందే ఊహించాం. అందుకే ఒక నియమం పెట్టుకున్నాం: ప్రతి పేరుకూ మూడు రకాల కాగితాల్లో కనీసం రెండు కలవాలి. ఒకటి మేస్త్రమ్మ పుస్తకం. రెండోది ఉపాధి హామీ మస్టరు, నాట్ల రోజుల్లో మస్టర్లో ఆ పేరు గైర్హాజరు ఉండాలి, ఒకే రోజు రెండు చోట్లా హాజరుంటే ఆ పేరు పక్కన పెట్టేశాం. మూడోది పత్తి మార్కెట్ తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, పత్తి ఏరిన తేదీల తర్వాత కొద్ది రోజుల్లో అదే ఆసామి పేరున అమ్మకం ఉండాలి. రెండు కలవని పేర్లను మేమే ముందు తీసేసి ఇచ్చాం. కొందరు అలిగారు, కానీ మిగతా జాబితా నిలబడడానికి అదే కారణమైంది.

కౌలుదార్ల దగ్గర ముడి వేరే. కౌలు అంతా నోటిమాట. ఆసాములు రాసివ్వడానికి భయపడ్డారు, కౌలుదారు పేరెక్కితే తమ పరిహారంలో కోత పడుతుందని. చట్టంలో భూమి ధర మొదటి షెడ్యూలు కిందిది, కౌలుదారు బతుకుతెరువు సాయం రెండో షెడ్యూలు కిందిది, ఒకదాన్నుంచి ఇంకోదానికి రూపాయి కూడా పోదు. ఈ మాట నోటితో చెప్తే నమ్మలేదు. రెండు షెడ్యూళ్ల తెలుగు ప్రతులు తీసి, ఒక ఆసామి అవార్డు (పరిహారం ఎంతో తేల్చిన ఉత్తర్వు) కాపీ పక్కన పెట్టి, ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో గ్రామసభలో గీతలు గీసి చూపించాక సంతకాలు మొదలయ్యాయి. వాళ్లతో రాయించింది కూడా ఒక్క వాక్యమే, ఫలానా సర్వే నంబర్లో ఫలానా వ్యక్తి ఫలానా సంవత్సరాలు సాగు చేశాడని. హక్కు, కౌలు రేటు, ఒప్పందం అనే మాటలు లేవు.

జాబితా మొత్తం గ్రామసభలో గట్టిగా చదివి, అభ్యంతరాలకు పదిహేను రోజులిచ్చి, తీర్మానంతో పంపాం. ఇచ్చిన పేర్లలో సుమారు మూడింట రెండు వంతులు ఆమోదం పొందాయి. తిరస్కరించినవాటిలో ఎక్కువ, ఇంట్లో ఇంకొకరి జీతమో పింఛనో ఉండి, కూలి ప్రధాన బతుకుతెరువు కాదన్నవి. కొన్ని అన్యాయంగానే పోయాయి.

రెండో షెడ్యూలు ప్రకారం ఉద్యోగం, లేదా కుటుంబానికి 5 లక్షలు ఒకేసారి, లేదా నెలకు 2,000 చొప్పున 20 ఏళ్లు. ధరల సూచీ పెంపు వదిలేస్తే చివరిది 4.8 లక్షలు. దాదాపు అందరూ 5 లక్షలే తీసుకున్నారు. ఒంటరి స్త్రీలు ఆ డబ్బు బంధువుల చేతిలో పడుతుందని భయపడ్డారు. వాళ్లకు పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకం చూపించాం: 7.4 శాతం వడ్డీకి 5 లక్షల మీద నెలకు 3,083 రూపాయలు, ఐదేళ్ల తర్వాత అసలు చేతికొస్తుంది. అరవై దాటినవాళ్లకు సీనియర్ సిటిజన్ పథకంలో 8.2 శాతం, మూడు నెలలకోసారి 10,250. చెక్కులు పంచిన రోజే పోస్ట్‌మాస్టరును పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టడం వల్ల చాలా ఖాతాలు ఆ పూటే తెరుచుకున్నాయి. వారం ఆగి ఉంటే సగమే తెరుచుకునేవి.

చెరువుకి నీళ్లు

బావులు ఎండడానికీ చెరువు నిండకపోవడానికీ ఒకే కారణమని ఊరంతా అనుకుంది, గని నీళ్లు తోడేస్తోందని. రెండింటికీ మందు వేరు కాబట్టి విడదీసి చూడాల్సి వచ్చింది. పన్నెండు బావులకు గట్టు మీద ఒక్కో ఎర్ర గుర్తు పెట్టి, ప్రతి నెలా ఒకటో తేదీ ఉదయం మోటార్లు వేయకముందు టేపుతో నీటి లోతు కొలిచారు. గని వైపు బావులు వానాకాలంలో కూడా కోలుకోలేదు, అది గని నీళ్లు తోడడం ప్రభావమే. ఊరికి అవతలి బావులు మామూలుగా లేచాయి. చెరువు సంగతి కొలతల్లో దొరకలేదు, వరద కాలువ వెంబడి నడిస్తే దొరికింది. కాలువ ఓబీ గుట్ట మొదట్లోకి పోయి ఆగిపోయింది. ఎంత వాన పడ్డా చెరువుకి చేరే దారి లేదు.

గనిలో ఊరిన నీళ్లను మాత్రం సంపు నుంచి తోడి రోజూ వాగులోకి వదులుతున్నారు. దాన్ని చెరువుకి మళ్లించాలన్నది ప్రతిపాదన. ముందు మే, ఆగస్టు, డిసెంబరు నెలల్లో మూడు పరీక్షలు చేయించాం. సాగునీటికి ఉదజని సూచిక (పీహెచ్) 6.0 నుంచి 8.5, విద్యుత్ వాహకత సెంటీమీటరుకు 2,250 మైక్రోసీమెన్స్ లోపల, సోడియం శోషణ నిష్పత్తి 26 లోపల, బోరాన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల లోపల ఉండాలి. అన్నీ లోపలే వచ్చాయి. తాగునీటికి కూడా ఇదే వాడమని ఒత్తిడి వచ్చింది, ఒప్పుకోలేదు. తవ్వకం ముందుకు జరిగేకొద్దీ సంపు నీటి గుణం మారుతుంది, రోజూ చూసే మనిషి లేని చోట తాగడానికి ఇవ్వడం ప్రమాదం. తాగునీటి పైపులైను జిల్లా ఖనిజ నిధి నుంచి విడిగా వచ్చింది.

సంపు నీళ్లు నేరుగా కాకుండా రెండు గదుల తేటతొట్టి ద్వారా వచ్చేలా కట్టారు. ఒక గది నిండుతుంటే ఇంకో గదిలో మడ్డి దిగాలి. మొదటి వానాకాలంలోనే చెరువు తూము దగ్గర జానెడు నల్ల మడ్డి పేరుకుంది. వానలకు సంపులో నీరు ఎక్కువై రెండు గదులూ ఒకేసారి పారించారు, దిగడానికి వ్యవధి దొరకలేదు. పైగా వానాకాలంలో సంపు నీరు అన్నిటికన్నా మురికి. కాబట్టి కొత్త పద్ధతి: పెద్ద వానలప్పుడు చెరువు గేటు మూసి నీటిని వాగుకే వదలాలి, సెప్టెంబరు చివరి నుంచి చెరువు నింపడం మొదలుపెట్టి డిసెంబరు ఆఖరుకి పూర్తి చేయాలి. యాసంగికి అసలు నీళ్లు కావలసింది ఫిబ్రవరి, మార్చిలో. అప్పుడు గని తోడే నీరు తక్కువ, అందుకే చెరువును ముందే నింపి పెట్టుకోవాలి.

మిగిలిన ఆయకట్టు అంతా వరి వేద్దామన్నారు. తూముకు దగ్గరి మూడో వంతులోనే వరి, మిగతాది మక్కజొన్న, పల్లి, కూరగాయలుగా ఒప్పించాం. ఆ మూడో వంతు వరి గింజల కన్నా గడ్డి కోసం, నాట్ల కూలి కోసం ముఖ్యం. రెండో ఏడాదికి నాలుగు నాట్ల ముఠాల్లో రెండు మళ్లీ కూడాయి. గడ్డివాము పెట్టుకోగలిగిన పద్దెనిమిది ఇళ్లు మళ్లీ బర్రెలు కొన్నాయి, ఈసారి అప్పు లేకుండా, ఒక్కొక్కటిగా. ఇది రాసేనాటికి వాటిలో పదహారు పాలిస్తున్నాయి.

నీటి సరఫరా మొదట ఒక అధికారి నోటిమాట మీద నడిచింది. ఆయన బదిలీ కాగానే నలభై రోజులు ఆగింది. పర్యావరణ అనుమతి పొందిన గని ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి అర్ధవార్షిక నివేదిక ఇవ్వాలి. చెరువుకి నీరిస్తున్నామని ఆ నివేదికలో వాళ్లే రాసుకునేలా గ్రామసభ తీర్మానం కాపీని జత చేయించాం. అందులోకి ఎక్కాక సరఫరా మళ్లీ ఆగలేదు.

ఇదే పని మళ్లీ చేయాల్సి వస్తే

భూసేకరణ నోటిఫికేషన్ రాకముందే జనం లెక్క మొదలుపెట్టాలి. నోటిఫికేషన్ తర్వాత దొరికే ప్రతి కాగితం మీదా అనుమానం వస్తుంది. ఏ చట్టం, ఏ సెక్షన్ కింద తీసుకుంటున్నారో ముందు చూడాలి, రాష్ట్ర సవరణల వల్ల వర్తించే ప్యాకేజీ మారుతుంది. మేస్త్రమ్మల పుస్తకాలు, కిరాణా ఖాతాలు, తక్‌పట్టీలు అప్పుడే ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోవాలి, వానకు తడిస్తే, చెదపడితే మళ్లీ దొరకవు.

గోడల పగుళ్ల సంగతి ఈ కేసులో సగంలోనే మిగిలింది. పగుళ్లు ముందు నుంచీ ఉన్నాయా, బ్లాస్టింగ్‌తో వచ్చాయా అన్నది తేల్చడానికి తవ్వకానికి ముందటి ఫొటోల్లేవు. మామూలు ఇళ్ల దగ్గర నేల కంపన వేగం, పౌనఃపున్యం 8 హెర్ట్జ్ లోపల ఉంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య 10, ఆపైన 15 దాటకూడదని 1997 నాటి గనుల భద్రతా సర్క్యులరు చెప్తుంది. ఇప్పుడు చేయగలిగింది, పగులుకి అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ పెట్టి తేదీ రాయడం. పగులు పెరుగుతుంటే పట్టీ చిట్లుతుంది. చిట్లిన రోజుకు దగ్గరి ఇంటి వద్ద సిస్మోగ్రాఫ్ (కంపనాన్ని కొలిచే యంత్రం) రీడింగు అడగాలి. పదకొండు ఇళ్లలో పట్టీలున్నాయి, మూడు చిట్లాయి.

భూమిలో కొంత పోయి ముక్క మిగిలినవాళ్లు సెక్షన్ 28 కింద ఆ విడిపోవడం వల్ల కలిగే నష్టాన్ని విడిగా అడగొచ్చు. ఈ ఊళ్లో ఎవరూ అడగలేదు. అవార్డు మీద అభ్యంతరానికి సెక్షన్ 64 గడువు, అవార్డప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లకు ఆరు వారాలే. మాకు తెలిసేసరికి దాటిపోయింది.

బడి ఇంకా నడుస్తోంది, ఇద్దరు టీచర్లతో. పట్నం పోయిన జంటల్లో తిరిగొచ్చినవాళ్లు లేరు. గని మూతపడ్డాక సంపు పంపులు ఆగితే చెరువు ఏమవుతుందన్నది ఇప్పుడు గ్రామసభ ముందున్న ప్రశ్న. గని మూసివేత ప్రణాళికలో తెగిపోయిన వరద కాలువను ఓబీ గుట్ట పక్కగా మళ్లీ తవ్వే పని చేర్పించాలని తీర్మానం వెళ్లింది, జవాబు ఇంకా రాలేదు. పన్నెండు బావుల కొలతలు ప్రతి నెలా ఒకటో తేదీన పంచాయతీ పుస్తకంలో ఎక్కుతున్నాయి.